కోవా రంగు, బాదం రంగు

ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు నాకింకా రాలేదు. పింఛను లేదు, శాలువా కప్పి పంపించిన సభ లేదు. వదిలేసిన ఉద్యోగం మాత్రం ఒకటుంది. నేను చదివిన సివిల్ ఇంజినీరింగే చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఈ మధ్య ఫోన్ చేసి, "అన్నా, రంగుల దుకాణాలల్ల కన్సల్టెంటు పోస్టులు పడ్డయట, పోవచ్చునా?" అని అడుగుతున్నారు. పొమ్మని గానీ వద్దని గానీ చెప్పలేకపోతున్నాను. ఆ పనిలో ఉండగా ఒక గదికి రంగు ఎంచబోతే ఏం జరిగిందో మాత్రం చెప్పగలను. అందులో మీకు పనికొచ్చేదేమైనా ఉంటే తీసుకోండి. నాకైతే ఇప్పటికీ దొరకలేదు.

హనుమకొండ నుంచి కాజీపేటకు పోయే దారిలో పెద్ద రంగుల దుకాణం. నా కార్డు మీద "కలర్ కన్సల్టెంట్" అని ఉండేది. మా అమ్మ చుట్టాలకు "ఇంజినీరు" అనే చెప్పేది. నేను సరిదిద్దలేదు. పని ఇది: ఇల్లు గలవాళ్లు పిలిస్తే వెళ్లి నాలుగు సంగతులు చూడాలి. కిటికీ ఏ దిక్కుకుంది, పొద్దుగూకిన తర్వాత ఏ బల్బు వెలుగుతుంది, నేల రాయి ఏ రంగు, ఆ గదిలో ఎవరు ఏం చేస్తారు. మొదటి మూడూ కొలతలకు లొంగుతాయి. నాలుగోది అడిగి తెలుసుకోవాలి, సాధారణంగా నిజం చెప్పరు. పిల్లలు చదువుకునే గది అంటారు, వెళ్లి చూస్తే గోడంత టీవీ.

కౌంటర్లో ఉండే పెద్దాయనను అందరం కాకా అనేవాళ్లం. కంపెనీ రంగులకు పెట్టిన ఇంగ్లీషు పేర్లు ఎవరి నోరూ తిరగనివి, ఎవరికీ గుర్తుండనివి. అందుకని కాకా తన పేర్లు తాను పెట్టుకున్నాడు. మక్కపేలాలు, పాత ఇత్తడి, వాన పడ్డ మట్టి. కొన్నవాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఆ పేర్లతోనే అడిగేవాళ్లు. ఈ కథలోని రెండు రంగుల అసలు పేర్లు నాకిప్పుడు గుర్తు లేవు. కాకా వాటిని కోవా, బాదం అనేవాడు. రెండూ గోధుమకూ మీగడకూ మధ్య ఎక్కడో ఉంటాయి. కళ్లకు వెచ్చగా, ఎవరినీ నొప్పించకుండా ఉండే రంగులు. మా అమ్మకాల్లో సగం అలాంటివే.

మగవాళ్ల గురించి కాకాకు ఒక సిద్ధాంతం ఉండేది. "మొగోళ్లు రెండు తీర్లు కొడుకా. ఒకడు 'నీ ఇష్టం' అంటడు. ఇంకొకడు 'రెండూ ఒక్కటే గద' అంటడు. మూడో తీరోన్ని నేనింతవరకు చూడలే." భార్యాభర్తలు లోపలికి వస్తుంటేనే, వచ్చేది మొదటి తీరో రెండో తీరో మేమిద్దరం కళ్లతోనే పందెం కాసుకునేవాళ్లం.

ఆ రోజు వచ్చిన ఆయన బాగా పొడుగు, చొక్కా భుజాల దగ్గర వదులుగా వేలాడుతోంది. గూడ్సు బండ్లు నడిపే లోకో పైలట్. వాళ్లది కాజీపేట. రైల్వే క్వార్టర్ వదిలి, దగ్గర్లోనే సొంత ఇంట్లోకి కొత్తగా దిగారు. ఆయన భార్య టైలరు. బట్టల ముక్కలు నిండిన సంచీ కౌంటరు మీద బోర్లించి, నేను అడగకముందే నా నాలుగో ప్రశ్నకు జవాబు చెప్పింది.

"ముందర అర్రకు తమ్మీ. ఆడపిల్లలకు కుట్టుడు నేర్పుత అండ్ల. గోడ రంగు బట్ట మీద పడొద్దు. మెరూన్ మెరూన్ లెక్కనే కనబడాలె. క్వార్టర్ల నీలం గోడలు, ఏ బట్ట తెచ్చినా ఏడ్చినట్టే ఉండేది. ఎచ్చగ ఉండాలె, గని పసుపు కొట్టొద్దు."

నిజం చెప్పిన మొదటి గిరాకీ దొరికిందని నాకు సంబరమైంది. ఇరవై ముప్పై రంగు కార్డులు తీసి, ఒక్కొక్కటీ ఎందుకు వద్దో చెబుతూ పక్కన పెట్టాను. చివరికి రెండు మిగిలాయి. కోవా, బాదం. ఆమె వాటిని పక్కపక్కన పెట్టి, మెరూన్ ముక్క మీద ఒకసారి, తెల్ల ముక్క మీద ఒకసారి ఆనించి చూసింది. తర్వాత భర్త వైపు తిప్పింది.

"ఇగో, చూడుండ్రి. ఏది మంచిగున్నది?"

ఆయన చూశాడు. కాసేపు చూశాడు. "రెండూ ఒక్కటే గద" అన్నాడు.

కాకా నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. ఆమె తలకొట్టుకుంది. "ఈయనతోని గిదే బాధ అన్నా. మొన్న గోధుమ రంగు దారం తెమ్మని పంపితే ఆకుపచ్చది పట్టుకచ్చిండు. గిదే గోధుమ అని నా మీదికే ఎగిరిండు. రైలు ఎట్ల నడుపుతాండో ఏమో."

"రైలుకేముందక్కా, పట్టాల మీద అదే పోతది" అన్నాడు కాకా.

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. అందరికన్నా చివర ఆగింది ఆయన నవ్వే. నాకది తర్వాత ఎన్నోసార్లు గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం పెళ్లాం ముందు ఓడిపోయిన మొగుడు ఎలా నవ్వుతాడో అలాగే అనిపించింది.

కొన్ని రోజులకు ఆయన ఒక్కడే వచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, భుజాన సంచీ ఉంది. ఆ రెండు కార్డులూ అడిగి తీసుకున్నాడు. వాకిట్లోకి వెళ్లి ఎండలో చూశాడు, లోపలికొచ్చి ట్యూబ్‌లైటు కింద చూశాడు. తర్వాత చేతులు వెనక్కి పెట్టుకుని కార్డులను అటూ ఇటూ మార్చి, మళ్లీ ముందుకు తెచ్చి, ఒకదాన్ని తదేకంగా చూసి, వెనక్కి తిప్పి అక్కడున్న నంబరు చదువుకున్నాడు. పేకాట ఆడుతున్నట్టే ఉంది.

"ఏందన్నా, వదిన పరీక్ష పెట్టిందా?" అన్నాడు కాకా.

"అట్లనే అనుకో" అన్నాడాయన.

మళ్లీ వచ్చాడు, మళ్లీ మళ్లీ వచ్చాడు. ఇల్లంటే ఇంత ఇష్టమున్న మగవాణ్ని చూడలేదని కాకా అనేవాడు. మూడో తీరు మనిషి దొరికాడని నేను కాకాను ఆటపట్టించేవాణ్ని. ఒకసారి ఆయన నా బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకుని అడిగాడు.

"సార్, ఈ రెండిట్ల అసలు ఫరకేంది? డబ్బల ఏం కలుపుతరు?"

ఆ ప్రశ్న కోసం నేను ఆ దుకాణంలో చేరిన రోజు నుంచీ ఎదురుచూస్తున్నాను. అడిగిన మనిషి అప్పటిదాకా లేడు. కాగితం తీసి బొమ్మ వేసి మరీ చెప్పాను. రెండింటికీ మూలం తెల్ల రంగే. రెండింటిలోనూ కొంచెం పసుపు, కొంచెం నలుపు పడతాయి. ఆ తర్వాత మెషిన్ కోవాలో కొన్ని చుక్కలు ఎరుపు వేస్తుంది, బాదంలో కొన్ని చుక్కలు ఆకుపచ్చ వేస్తుంది. గోడ మీద పడిన వెలుతురును రెండూ దాదాపు ఒకే కొలతలో తిప్పి పంపుతాయి. నలుపు తెలుపు ఫొటో తీస్తే రెండు గోడలూ ఒకే గోడ.

"అంటే ఎరుపు, ఆకుపచ్చ తీసేస్తే రెండూ ఒక్కటేనా?"

"అంతే అన్నా. ఇంకేం తేడా లేదు."

"తీసేస్తే" అని ఇంకోసారి అన్నాడు. నేను బొమ్మ వేసిన కాగితం అడిగి తీసుకుని, మడతలు సమంగా పెట్టి జేబులో వేసుకున్నాడు. ఒక మనిషికి శాస్త్రం నేర్పానన్న తృప్తితో ఆ పూట నేను ఇంకో చాయ్ తాగాను.

చిన్న ముక్క మోసం చేస్తుంది, పెద్ద గోడ చేయదు. ఈ పనిలో నేను నమ్మిన సూత్రం ఇది. అందుకని వాళ్లింట్లో ముందుగది ఎదురు గోడను నిలువునా రెండు సగాలు చేయించాను. ఎడమ సగం కోవా, కుడి సగం బాదం. మిగతా మూడు గోడలూ లప్పం పెట్టి, తెల్లని ప్రైమర్ వేసి ఆపాం. పని చేసింది మా దుకాణం మేస్త్రీ. వరంగల్ కాశిబుగ్గ మనిషి. వాళ్ల ఇంట్లో మగ్గం ఆగిపోయాక రోలర్ పట్టాడు. మాటకు ముందు నవ్వుతాడు, పని ఆలస్యమైతే మాత్రం నవ్వడు.

తడి ఆరిన తర్వాత తేడా నాకు గుమ్మంలోంచే తెలిసింది. కోవా సగంలో పలచని ఎర్రజీర, బాదం సగంలో పలచని ఆకుపచ్చ జీర. టైలరక్క తెల్లని జాకెట్టు గుడ్డ తెచ్చి రెండు సగాల ముందూ పట్టింది. బాదం ముందు ఆ తెలుపు నీరసంగా కనబడింది.

"కోవానే తమ్మీ. ఇంకో మాట లేదు" అంది.

"ఉండనియ్యి" అన్నాడు ఆయన, కుర్చీలోంచి. "కొన్ని దినాలు ఉండనియ్యి. చూసుకుంట ఏద్దాం. ఒక్కసారి ఏసినంక పదేండ్లు ఉండేదాయె."

"మీకు రెండూ ఒక్కటే అంటిరి గద. మల్ల ఏం చూస్తరు?"

"చూస్త. నా ఇల్లు గాదా?"

మేస్త్రీ రోలర్ కడిగేసి పోయాడు. గోడ అలా సగం సగం ఉండిపోయింది. కుట్టు మిషన్లన్నీ లోపలి గదిలో ఒకదానికొకటి ఆనించి పెట్టారు. నేర్చుకునే అమ్మాయిలు వచ్చి, వాకిట్లో నిలబడి, వెనక్కి పోతున్నారు. కొందరు వేరే దగ్గర చేరారు. ఒకరోజు ఆమె నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, నువ్వేం మందు పెట్టినవో ఏమో. డ్యూటీ నుంచి రాంగనే కాళ్లు గూడ కడుక్కోకుంట గోడ ముందట నిలబడతాండు. అన్నం చల్లారిపోతాంది. ఇది కోవానే గద, ఇది బాదమే గద అని రోజూ నన్నడుగుతడు. అవునయ్యా అంటే పిలగాని లెక్క సంబరపడతడు. జర నువ్వచ్చి చెప్పు, నీ మాటైతే వింటడు."

కాకాకు చెబితే, "రంగుల పిచ్చి గంతే కొడుకా, ఒక్కసారి అంటుకుంటే పోదు. నాకు సుత అంటుకున్నదేనాయె" అన్నాడు.

నేను వెళ్లేలోపే ఆమెకు ఓపిక చచ్చిపోయింది. నేను వెళ్లిన రోజు పొద్దున్నే మేస్త్రీని పిలిపించి, బాదం సగం మీద కూడా కోవా వేయించేసింది. ఆయన ముందు రోజు బండి దిగి వచ్చి లోపలి గదిలో పడుకుని ఉన్నాడు. లేచేసరికి పని అయిపోయి ఉంటే ఇక ఏమీ అనలేడన్నది ఆమె లెక్క. నేను చేరేటప్పటికి గోడ ఆరిపోయింది. రెండు సగాల అతుకు కనబడుతుందేమోనని పక్కనుంచి, కిందనుంచి చూశాను. ఎక్కడా లేదు. గోడ మొత్తం ఒకటే కోవా. మేస్త్రీ తన పనికి తానే మురిసిపోతూ మూలన కూచుని బీడీ కట్ట వెతుక్కుంటున్నాడు. ఆమె వంటింట్లో ఉంది.

ఆయన మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. ఎప్పటిలాగే వెళ్లి గోడ ముందు నిలబడ్డాడు.

"ఎట్లుందన్నా?" అన్నాను. కోపం చేస్తాడో సర్దుకుంటాడో చూద్దామని.

"ఇయ్యాల మంచిగ కనబడ్తాంది సార్" అన్నాడు. కుడి అరచెయ్యి తీసి గోడ ఎడమ సగం మీద ఆనించాడు. "ఇగో, ఇది కోవా." రెండడుగులు పక్కకు జరిగి చెయ్యి మళ్లీ ఆనించాడు. "ఇది బాదం. ఫరకున్నది. మొన్నటిదాంక గింత గూడ తెల్వకపోయేది. అలవాటు గావాలె గంతే సార్. కండ్లు అలవాటు పడ్తానయి."

మేస్త్రీ ఫక్కున నవ్వాడు. "అన్న మస్తు యాక్టింగ్ చేస్తాండు" అన్నాడు. ఆయన మొహం చూసి ఆ నవ్వు మధ్యలోనే ఆపేశాడు.

ఆమె చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చింది. "ఏ బాదం? పొద్దుగాల్నే మొత్తం కోవా ఏపిచ్చిన."

ఆయన చెయ్యి గోడ మీద నుంచి తియ్యలేదు.

నేను దేన్నైనా వరుసలో పెట్టి చూసే మనిషిని. ఆ క్షణంలో వద్దనుకున్నా అన్నీ వరుసగా నిలబడ్డాయి. ఆకుపచ్చ దారం. వెనక్కి తిప్పి నంబరు చదివిన కార్డు. తీసేస్తే, అన్న మాట. ఆయన చూస్తున్నది రంగు కాదు. ఎడమ వైపు ఏముండాలో, కుడి వైపు ఏముండాలో కంఠతా పట్టాడు. దాన్నే చూపు అనుకుంటున్నాడు.

"అన్నా, ఎప్పటి సంది?" అని అడిగాను.

బోర్లించిన రంగు డబ్బా మీద కూచున్నాడు. మేస్త్రీ రోలర్ తీసుకుని చప్పుడు చేయకుండా బయటికి పోయాడు.

"ఎండాకాలం సంది" అన్నాడు.

"ఎండాకాలం సందేంది?" అంది ఆమె. ఇంకా ఆమెకు అందలేదు.

నెమ్మదిగా చెప్పాడు. నిరుడు చలికాలంలో ఆయనకు టీబీ అని తేలింది. రైల్వే దవాఖానలో చెబితే తగ్గేదాకా ఇంజన్ ఎక్కనివ్వరు. పైగా అక్కడి వార్డు బాయ్ దగ్గర్నుంచి అందరూ తెలిసినవాళ్లే, సాయంత్రానికి కాలనీ మొత్తం తెలిసిపోతుంది. అందుకని మొగుడూ పెళ్లాం ఇద్దరూ మాట్లాడుకుని వరంగల్‌లో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లారు. గోళీలు మొదలుపెట్టారు. చూపులో ఏ మార్పు వచ్చినా వెంటనే రావాలని ఆ డాక్టరు మొదటిరోజే చెప్పాడట. దగ్గు తగ్గింది. తగ్గాక ఆయన డాక్టరు దగ్గరికి పోవడం మానేసి, మందుల దుకాణంలో అవే గోళీలు తెచ్చుకుని వేసుకుంటూ వచ్చాడు. ఎండాకాలంలో ఎరుపూ ఆకుపచ్చా మసకబారడం మొదలైంది.

"నాకెందుకు చెప్పలే?" అంది ఆమె.

"చెప్తే గోళీలు బంద్ చెయ్యమంటవు. దగ్గు మల్ల మర్లుతది. దవాఖానకు పోవుడైతది. ఇంకో నెల రోజులాయె, గోళీలైపోతయి, కండ్లు వాటంతటవే మంచిగైతయనుకున్న."

"సిగ్నల్ ఎట్ల చూస్తున్నరన్నా?" అన్నాను. గొంతు తగ్గించే అడిగాను. తగ్గిస్తే ప్రశ్న చిన్నదవుతుందా.

"ఇంజన్ల ఇద్దరముంటం సార్. సిగ్నల్ కనబడంగనే ఇద్దరం గట్టిగ పిలవాలె, రూలది. ఒకల తర్వాత ఒకలు. అసిస్టెంటు గ్రీన్ అంటడు, నేను గ్రీన్ అంట. ఆయన ఎల్లో అంటే నేను ఎల్లో. ముందుగాల నేను పిలిచేది. ఇప్పుడు జర ఆగి ఆయన తర్వాత పిలుస్తాన. పగలు దగ్గరికి పోతే పైది ఎలుగుతాందో కిందిది ఎలుగుతాందో చూసి చెప్పొచ్చు. చీకట్ల దూరం నుంచి ఒక్క చుక్కనే ఉంటది సార్. ఒక్కటే చుక్క."

ఆమె గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూచుంది. కొత్త రంగు అంటుతుందేమో అని నాకు అనిపించింది. అప్పుడు కూడా అదే అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"అన్నా, ఇంకోసారి బండి ఎక్కొద్దు" అన్నాను. "రేపే దవాఖానకు పోదాం. నేను తోలుకపోత."

"దవాఖానకు పోవుడంటే ఏందో తెలుసా సార్ నీకు? అండ్లకు డ్రైవర్ లెక్క పోతం, ఇవతలికి ఇంకేదో లెక్క వస్తం. ఇరవై ఏండ్లు నడిపిన."

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. డ్యూటీకి పిలిచే ఆఫీసు నుంచి. గది ఖాళీగా ఉండడం వల్ల అవతలి గొంతు మా ఇద్దరికీ వినబడింది. సాయంత్రం బల్లార్ష వైపు ఖాళీ బొగ్గు వ్యాగన్లు ఉన్నాయి, వస్తున్నావు కదా అన్నా, రాసుకుంటున్నా, అని. ఆయన ఫోన్ చెవికి అలాగే పెట్టుకుని ఉన్నాడు. అవతలివాడు రెండుసార్లు హలో అన్నాడు. ఆయన పెదాలు కదిలాయి. ఏమనబోయాడో నాకు తెలియదు. ఎన్నిసార్లు ఆలోచించినా సమానంగా రెండు జవాబులే వస్తున్నాయి.

ఆమె లేచి ఫోన్ ఆయన చేతిలోంచి తీసుకుంది.

"నేను వాళ్లింటామెను మాట్లాడతాన. ఆయన రాడు. ఆయనకు ఎరుపు, ఆకుపచ్చ కనబడ్తలేవు. ఇయ్యాల్టి సంది గాదు, ఎండాకాలం సంది. ఇగ బండెక్కడు. రాసుకోండ్రి."

"ఏందక్కా, సిక్ లీవా? సిక్ అని రాయాల్నా?" అన్నాడు ఆ మనిషి.

"నేను చెప్పిందే రాసుకోండ్రి" అని ఫోన్ పెట్టేసింది.

ఆయన ఆమె వైపు తిరిగాడు. "నా నోటితోని నన్ను చెప్పుకోనియ్యకపోతివి" అన్నాడు.

"చెప్తుంటిరా?"

నేను ఆ గదిలోంచి బయటికి ఎలా వచ్చానో, మేస్త్రీతో ఏం చెప్పానో ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు. వస్తువులు గుర్తు పెట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ని.

తర్వాతిదంతా మీరు ఊహించగలిగేదే. కాజీపేటలో చూశారు, సికింద్రాబాద్ పంపారు, మందులు మార్చారు. ఆయన్ను ఇంజన్ నుంచి తీసేశారు. మందు వల్ల కంటి నరం దెబ్బతిన్నదని, మొదట్లోనే ఆపి ఉంటే తిరిగొచ్చే అవకాశం బాగా ఉండేదని, ఇప్పుడైతే ఎదురుచూడడమేనని పెద్ద డాక్టరు అన్నాడు. ఎదురుచూశారు. రంగులు తిరిగి రాలేదు. ఆపైన చూపు నడిమధ్య మబ్బు లాంటిది పట్టింది. ఎదుటి మనిషి చెవులు కనబడతాయి, మొహం కనబడదు. రైల్వే వాళ్లు కుర్చీలో కూచునే పని ఒకటి ఇచ్చారు. కొన్నాళ్లు పోయాడు. అక్కడ చేయడానికి ఏమీ లేదని, అందరూ మర్యాదగా మాట్లాడుతున్నారని, ఆ మర్యాద భరించలేనని సెలవు పెట్టి ఇంట్లో కూచున్నాడు.

కాలనీలో ఆమె గురించి ఇంకోరకంగా చెప్పుకున్నారు. మొగుడి మీద తానే ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పిందట, అని. కుట్టు నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిల తల్లులు కూడా ఆ మాట అన్నారు. ఆమె ఏమని సమాధానం చెప్పుకుంటుంది? ఏ బండీ దేన్నీ గుద్దలేదు. ఆ సాయంత్రం బల్లార్ష బండిని ఇంకెవరో తీసుకుపోయారు, అది క్షేమంగా చేరింది. జరగని ప్రమాదానికి సాక్షులుండరు. ఆమె ఏం ఆపిందో ఎవరికీ తెలియదు, ఏం పోగొట్టిందో మాత్రం రోజూ కుర్చీలో ఎదురుగా కనబడుతుంది.

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకోటి. ఆయన మా దుకాణానికి వచ్చిన రోజులవి. రంగుల మధ్య తేడా పట్టుకోవడమే మా పని. అందుకు కావలసిన లైట్లు, రంగులు పోల్చి చూసే పెట్టెలు, కార్డులు, చదువుకున్న నేను, అనుభవమున్న కాకా, అన్నీ అక్కడే ఉన్నాయి. ఆయన మా ముందు నిలబడి తన కళ్లను తానే పరీక్షించుకుంటుంటే, ఇల్లంటే ప్రేమ అనుకున్నాం. ఆ వారాలు డాక్టరు చెప్పిన "మొదట్లోనే"లో ఉన్నాయా లేవా అని నేను లెక్క వేయబోయాను. వేయలేదు. కొన్ని లెక్కలు చేయకపోవడం ఆ తర్వాతే నేర్చుకున్నాను.

సంగతి కాకాకు చెప్పాను. కొన్నాళ్లు ఆయన తన సిద్ధాంతం ఎత్తలేదు. తర్వాత ఒకరోజు ఎవరో భర్త "రెండూ ఒక్కటే గద" అనగానే అలవాటుగా నవ్వి, నా వైపు చూసి ఆపేశాడు. ఇంకొన్నాళ్లకు ఆపడం కూడా మానేశాడు. ఆయన్ను తప్పు పట్టలేను. రోజూ ఎంతోమంది ఆ మాట అంటారు. అన్న ప్రతివాడి కళ్లూ పోతున్నాయేమోనని భయపడుతూ ఎవరూ దుకాణం నడపలేరు.

నేను మాత్రం అదే చేశాను. వచ్చిన ప్రతి మగవాడికీ కార్డులు కలిపి ఇచ్చి, ఏది ఏదో చెప్పమనేవాణ్ని. కొందరు నవ్వారు, కొందరికి కోపమొచ్చింది, ఒకాయన కొనకుండానే వెళ్లిపోయాడు. అందరికీ తేడా బాగానే కనబడింది. చెప్పడానికే బద్ధకం. దుకాణం సేటు పిలిచి, "నువ్వు రంగులమ్ముతున్నవా, కండ్ల పరీక్ష చేస్తున్నవా?" అన్నాడు. నాకూ తెలియలేదు. ఆ నెలాఖరుకు మానేస్తానని చెప్పాను.

మానేసే ముందు టైలరక్క మళ్లీ ఫోన్ చేసింది. క్లాసులు మొదలుపెడుతోందట. గది అలాగే ఉంది. మూడు గోడలు తెల్ల ప్రైమర్, ఒక గోడ కోవా. నేనూ మేస్త్రీ వెళ్లాం. ఆయన వెనక వాకిట్లో మంచం మీద కూచున్నాడు, పలకరిస్తే నా గొంతు గుర్తుపట్టాడు.

ఆమె ముందుగదిలో నిలబడి నన్నడిగింది. "ఇగ ఆయన ఇంట్లనే ఉంటడు తమ్మీ. ఆ రెండు రంగులల్ల ఆయన కండ్లకు ఆనేదేదో చెప్పు. అదే ఏయిస్త. నాకు ఏదైనా ఒక్కటే."

నేను గది కొలతలు చెప్పగలను. వెలుతురు ఎటు నుంచి వస్తుందో, ఏ బల్బు పెట్టాలో చెప్పగలను. ఆయనకు ఆ రెండూ రెండు కావని, గోడ కాంతిగా ఉందా మసకగా ఉందా అన్నదే ఇప్పుడు లెక్క అని, ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆమె ఆ కోవా గోడ వైపు చూసింది. "అయితే దీన్ని సుత తెల్లగ చేసెయ్యుండ్రి. దీని దిక్కు చూస్కుంట నేను ఈ అర్రల కూసోలేను" అంది.

తెలుపు వేయడం తేలిక అనుకుంటారు. కోవాలోని ఆ కొన్ని చుక్కల ఎరుపు మొదటి కోటింగులోంచి పైకి తన్నింది, రెండో దానిలోంచి కూడా జీరగా కనబడింది. మేస్త్రీ మూడోది వేశాడు. అప్పటికి నాలుగు గోడలూ ఒకటయ్యాయి. ఆమె మిషన్లను లోపలి గదిలోంచి ఒక్కొక్కటే జరుపుకొచ్చి కిటికీ పక్కన వరసగా పెట్టింది.

చప్పుడుకు ఆయన లేచొచ్చాడు. గుమ్మం పట్టుకుని, ముక్కుతో వాసన పీల్చి, మెల్లగా లోపలికి నడిచాడు. మొహాన్ని కొంచెం పక్కకు తిప్పి, కంటి కొసతో గోడను చూశాడు.

"అయిపోయిందా? ఏది ఏపిచ్చినవ్ చివరికి?"

ఆమె మిషన్ మీది దుమ్ము తుడుస్తోంది. తల ఎత్తలేదు.

"కోవా" అంది.

ఆయన ఇంకాసేపు అలాగే చూశాడు. మొహం ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు.

"కోవానే మంచిది" అన్నాడు. "బట్టలు మంచిగ కనబడ్తయి పిల్లలకు."

మేస్త్రీ నా వైపు చూశాడు. నేను వంగి, తెల్లరంగు డబ్బాకు మూత బిగించి, ఎత్తుకుని బయటికి తెచ్చి పెట్టాను.